పాత మినీ కారు సస్పెన్షన్ అరుగుదల: ఇంటి దగ్గర ఎంతవరకు బాగు చేసుకోవచ్చు?

ప్రశ్న: చిన్నచక్రం

అందరికీ నమస్కారం. నా దగ్గర 1970ల నాటి మినీ సెలూన్ ఒకటి ఉంది. పది అంగుళాల చక్రాలు, నాలుగు మూలలా స్ప్రింగులకు బదులు రబ్బరు కోన్లు. ద్రవం నింపిన హైడ్రోలాస్టిక్ రకం కాదు. ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు మంచి స్థితిలోనే ఉన్నాయి గానీ బండి నడక మాత్రం కొంతకాలంగా మారిపోయింది. గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు ఎడమవైపు నుంచి లోహం లోహాన్ని తాకినట్లు టక్కుమనే చప్పుడు వస్తోంది. బ్రేకు నొక్కితే బండి ఎడమకు లాగుతోంది, పెడలు వదలగానే మళ్లీ సర్దుకుంటోంది. బ్రేకు షూలు, సిలిండర్లు రెండు వైపులా చూశాను. అక్కడ తేడా ఏమీ కనబడలేదు.

వెనక సంగతి వేరు. కుడి వెనక చక్రం పైభాగం లోపలికి వాలినట్లు వెనక నిలబడి చూస్తే కంటికే తెలుస్తోంది. ఆ టైరు లోపలి అంచు బయటి అంచు కంటే బాగా ఎక్కువ అరిగింది. ఆ మూల మీద చేత్తో నొక్కి వదిలితే కిర్రుమంటోంది.

పానాల సెట్టు, ట్రాలీ జాకీ, జాకీ స్టాండ్లు, టార్క్ రెంచి, బాల్ జాయింట్ విడదీసే సాధనం నా దగ్గర ఉన్నాయి. బ్రేకు పనులు, క్లచ్ సర్దుబాటు, స్టీరింగ్ రాక్ బూట్ల మార్పిడి ఇంతకుముందు నేనే చేసుకున్నాను. సస్పెన్షన్ జోలికి మాత్రం ఇప్పటివరకు వెళ్లలేదు. అన్ని బుష్‌లు (కదిలే భాగాల మధ్య ఉండే రబ్బరు లేదా లోహపు తొడుగులు), అన్ని బాల్ జాయింట్లు ఉండే పూర్తి కిట్టు ఒకటి తెచ్చి మొత్తం మార్చేయమని ఒక మిత్రుడు అంటున్నాడు. ఏది అరిగిందో తెలియకుండా అన్నీ విప్పడం నాకు సరైన పద్ధతిగా తోచడం లేదు. అరుగుదల ఎక్కడ ఉందో ముందుగా ఎలా తేల్చుకోవాలి? ఇందులో ఏ పని ఇంటి దగ్గర నమ్మకంగా చేయవచ్చు, ఏ పని మెషిన్ షాపుకు అప్పగించాలి? రబ్బరు కోన్‌ను కుదించే ప్రత్యేక సాధనం లేకుండా పని గడుస్తుందా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.


సమాధానం: గ్రీజుగన్

చిన్నచక్రం గారికి నమస్కారం. మీ సందేహం సరైనదే. కిట్టు కొనే ముందు ప్రతి మూలనూ విడివిడిగా పరీక్షించండి. మీరు చెప్పిన మూడు లక్షణాలకు కారణాలు బహుశా మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి. నేను ముందు భాగం గురించి మాత్రమే రాస్తాను. వెనక ఆర్మ్‌ల పనిలో నాకంటే నేర్పు ఉన్నవారు ఇక్కడ ఉన్నారు.

మొదట ముందు భాగాన్ని జాకీతో లేపి, సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ను మోసే ఉక్కు చట్రం) కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు గాలిలో వేలాడేలా చేయండి. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆట (వదులు కదలిక) కనబడితే, లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించి, మళ్లీ అలాగే ఊపండి. బ్రేకు తొక్కినప్పుడు ఆట పూర్తిగా పోతే తప్పు చక్రం బేరింగులో ఉంది, ఎందుకంటే బ్రేకు డ్రమ్మునూ హబ్‌నూ ఒకటిగా బిగించేస్తుంది. బ్రేకు తొక్కినా ఆట మిగిలి ఉంటే అది స్వివెల్ హబ్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే భాగం) బాల్ జాయింట్లలోనో, పై ఆర్మ్ బేరింగులోనో, కింది ఆర్మ్ బుష్‌లలోనో ఉంది. అప్పుడు చక్రాన్ని మరొకరు ఊపుతుండగా మీరు ఒక్కో జాయింటు మీద వేలు ఆనించి చూడండి. కంటికి కనబడని కదలిక వేలికి తెలుస్తుంది. ఈ పరీక్షకు తొందర వద్దు, ఎందుకంటే ఏ భాగం కొనాలన్నది ఇక్కడే తేలిపోతుంది.

బ్రేకు నొక్కినప్పుడు ఎడమకు లాగడం గురించి: బ్రేకులు సరిగా ఉన్నాయని మీరు అంటున్నారు కాబట్టి నేను ముందుగా అనుమానించేది టై రాడ్ బుష్‌లను. కింది ఆర్మ్ నుంచి సబ్‌ఫ్రేమ్ ముందు అంచు వరకు వెళ్లే ఆ కడ్డీకి చివర, సబ్‌ఫ్రేమ్ రేకుకు ముందొకటి వెనకొకటి, రెండు రబ్బరు బుష్‌లు ఉంటాయి. బ్రేకు పడగానే చక్రం వెనక్కి పోవాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఆ కడ్డీయే. బుష్ మెత్తబడి చిరిగిపోతే కింది ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, ఆ వైపు క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, రెండు వైపులా కోణాలు వేరుకావడంతో బండి లాగుతుంది. పెడలు వదలగానే ఆర్మ్ తిరిగి తన చోటికి వస్తుంది. మీరు రాసిన లక్షణం సరిగ్గా ఇదే. సబ్‌ఫ్రేమ్‌కూ ఆర్మ్‌కూ మధ్య ఒక పొడవైన కడ్డీ పెట్టి ముందుకూ వెనక్కూ తెమిలించి చూస్తే తెలిసిపోతుంది. బుష్‌ల మార్పిడి ఇంటి దగ్గర సులువుగా అయ్యే పని. అయితే విప్పిన టై రాడ్‌ను ఒక సమతలమైన పలక మీద దొర్లించి వంగిందేమో చూడండి. పాత బండ్లలో కాలిబాట అంచుకు గుద్దుకుని వంగిన రాడ్లు చాలా కనబడతాయి, వాటికి కొత్త బుష్‌లు వేసినా ప్రయోజనం ఉండదు. రాడ్ ముందు చివర కూర్చునే సబ్‌ఫ్రేమ్ రేకు తుప్పు పట్టి పల్చబడిందేమో కూడా ఇదే సమయంలో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి.

ఇక చప్పుడు. నెమ్మదిగా పోయేటప్పుడు వచ్చే పొడి చప్పుడుకు మినీలో ఎక్కువగా నకుల్ జాయింటు కారణమవుతుంది. కోన్ నుంచి వచ్చే అల్యూమినియం స్ట్రట్‌ను, దాని ఆకారాన్ని బట్టి అందరూ ట్రంపెట్ అంటారు. ఆ ట్రంపెట్ చివర ఒక ఉక్కు గుండు, ఆర్మ్‌లో దాని కోసం ఒక ప్లాస్టిక్ గిన్నె, పైన దుమ్ము పడకుండా ఒక రబ్బరు తొడుగు ఉంటాయి. తొడుగు చిరిగితే నీరు, మట్టి లోపలికి చేరి గ్రీజును కడిగేస్తాయి; ఆ తర్వాత గిన్నె అరిగి, గుండు నేరుగా లోహం మీద కూర్చుంటుంది. తొడుగు చిరిగి, లోపల తుప్పు రంగు కనబడుతుంటే మరో పరీక్ష అవసరం లేదు. అయితే ఒక నిర్ణయానికి వచ్చే ముందు షాక్ అబ్జార్బర్ కింది, పై బుష్‌లను, సబ్‌ఫ్రేమ్ టవర్ బోల్టుల బిగువును కూడా చూడండి. బోల్టు వదులైనా సరిగ్గా ఇదే చప్పుడు వస్తుంది, దాన్ని బిగించడానికి పట్టే సమయం ఎంతో తక్కువ.

ముందు నకుల్ జాయింటు మార్చాలంటే ట్రంపెట్ బయటికి రావాలి, ట్రంపెట్ రావాలంటే కోన్ కుదించి ఉండాలి. ఇక్కడ ప్రత్యేక సాధనం తప్పనిసరి. అది ఇంజను వెనక ఉన్న క్రాస్ మెంబరు మీద నిలబడి, కోన్ మధ్యలో ఉన్న మరలోకి ఎక్కి, కోన్‌ను పైకి లాగుతుంది. పాత కోన్లలో ఆ మర అంగుళాల కొలత, తర్వాతి కోన్లలో మెట్రిక్. మీ బండి 1970ల నాటిది కాబట్టి రెండింటిలో ఏదైనా ఉండవచ్చు. పైగా ఇన్నేళ్లలో ఎవరైనా కోన్లు మార్చి ఉండవచ్చు. కాబట్టి తయారైన సంవత్సరాన్ని నమ్మకుండా మరను స్వయంగా చూసి దానికి సరిపోయే స్క్రూ తెచ్చుకోండి. స్క్రూ చేత్తో నునుపుగా పూర్తిలోతు దిగాలి. బిగుతుగా ఉంటే మర సరిపోలేదని అర్థం. కుదించిన రబ్బరులో దాగిన బలం చాలా పెద్దది. మర సగం పట్టి ఊడితే ప్రమాదం జరుగుతుంది. పెద్ద బోల్టుతో, పైపు ముక్కతో సాధనం సొంతంగా చేసుకోవచ్చని చెప్పేవారు ఉంటారు. ఈ ఒక్క విషయంలో ఆ సలహా పాటించవద్దని నా మనవి. ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, అద్దెకు తీసుకోండి, లేదా ఈ పని వరకు గ్యారేజీలో చేయించండి.

స్వివెల్ హబ్ బాల్ జాయింట్లకు మాత్రం ఆ సాధనం అవసరం లేదు. బండి చక్రాల మీద నిలబడి ఉండగానే పై ఆర్మ్ కింద ఉండే రీబౌండ్ రబ్బరును తీసేసి, దాని స్థానంలో అదే మందం గల గట్టి ముక్కను పెట్టండి. అప్పుడు జాకీతో లేపినా పై ఆర్మ్ కిందికి జారదు. కోన్ బలం అంతా ఆ ముక్క మీదే ఆగిపోతుంది, హబ్ స్వేచ్ఛగా వస్తుంది. పిన్ను నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు ఉంచి, విడదీసే సాధనాన్ని బిగించి, ఆర్మ్ కంటిభాగం పక్కన సుత్తితో ఒక్క దెబ్బ గట్టిగా వేస్తే పిన్ను వదులుతుంది.

జాయింటు లోపల క్రమం తెలుసుకోవడం ముఖ్యం. అడుగున స్ప్రింగు, దాని మీద కూర్చునే గిన్నె, దానిలో గుండు పిన్ను, పైన గోపురంలా ఉండే పెద్ద నట్టు, హబ్‌కూ నట్టుకూ మధ్య లాక్ వాషరు, షిమ్ములు (సందు పూడ్చే పల్చని రేకులు) ఉంటాయి. నట్టు అంగుళంన్నర కొలత, దానికి 38 మిల్లీమీటర్ల సాకెట్టు సరిపోతుంది. మొదట స్ప్రింగు, షిమ్ములు, లాక్ వాషరు లేకుండా కూర్చి, పిన్నులో ఆట పోయేవరకు మాత్రమే నట్టు బిగించండి. అప్పుడు నట్టుకూ హబ్‌కూ మధ్య మిగిలిన సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. ఆ కొలతలో లాక్ వాషరు మందం పోగా మిగిలినంత మేర షిమ్ములు పెట్టాలి. తర్వాత అన్నీ కూర్చి, దాదాపు 100 న్యూటన్ మీటర్ల బిగువు ఇచ్చి, పిన్నును చేత్తో తిప్పి చూడండి. బరువుగా, నునుపుగా, ఎక్కడా పట్టేయకుండా కదలాలి. పైకీ కిందికీ ఆట అసలు ఉండకూడదు. ఒక చోట బిగుతుగా, మరో చోట వదులుగా ఉంటే గుండూ నట్టూ ఒకదానికొకటి సరిగా కూర్చోలేదని అర్థం. సన్నని వాల్వు పేస్టుతో రెండింటినీ కాసేపు రుద్ది, పేస్టు రవ్వంత కూడా మిగలకుండా కిరోసిన్‌తో కడిగి మళ్లీ షిమ్ము కొలవాలి. మొదటిసారే సరిపోవాలని అనుకోకండి. ఓపికతో విప్పి బిగించి చూడడమే ఇందులో అసలు పని. సరిపోయాక లాక్ వాషరు అంచును నట్టు పలకల మీదికి వంచడం మరువవద్దు.

కింది ఆర్మ్ లోపలి బుష్‌లు మార్చితే, వాటి పిన్ను నట్టును చివరి బిగువు మాత్రం బండి నేల మీద నిలబడిన తర్వాతే ఇవ్వండి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగినప్పటి నుంచి రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండి త్వరగా చిరుగుతుంది.


సమాధానం: కంచుబుష్

గ్రీజుగన్ గారు రాసినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వెనక భాగం గురించి నేను చెబుతాను.

వెనక చక్రం పైభాగం లోపలికి వాలడం, లోపలి అంచు అరగడం, నొక్కితే కిర్రుమనడం: ఈ మూడూ కలిసి ఉన్నాయంటే రేడియస్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే ఆర్మ్) బేరింగులు పోయినట్లే. ప్రామాణిక మినీలో వెనక చక్రాలకు ఒక డిగ్రీ వరకు పాజిటివ్ క్యాంబర్ ఉంటుంది, అంటే పైభాగం కొద్దిగా బయటికి ఉండాలి. మీ కుడి చక్రం లోపలికి వాలడం కంటికి కనబడుతోందంటే అరుగుదల చాలా దూరం వచ్చింది. నిర్ధారించుకోవడానికి చక్రాన్ని లేపి పైన, కింద పట్టుకుని ఊపండి; మరొకరిని ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ మధ్య సందును గమనించమనండి. ఆర్మ్ మొత్తం తన షాఫ్టు మీద ఊగుతుంటే చక్రం బేరింగును అనుమానించనక్కరలేదు.

ఈ అరుగుదలకు కారణం దాదాపు ఎప్పుడూ గ్రీజు అందకపోవడమే. ఆర్మ్ గుండా వెళ్లే ఉక్కు షాఫ్టు ఒక చివర నీడిల్ రోలర్ బేరింగులో, రెండో చివర కంచు బుష్‌లో తిరుగుతుంది. షాఫ్టు బయటి చివర, చిన్న ప్లాస్టిక్ మూత కింద ఒక గ్రీజు నిపుల్ ఉంటుంది. ముందు భాగంలోని నిపుళ్లు చక్రం తిప్పగానే కనబడతాయి కాబట్టి అందరూ వాటికి గ్రీజు కొడతారు. మూత కింద దాగిన దీన్ని సంవత్సరాల తరబడి ఎవరూ పట్టించుకోరు. పైగా ఆర్మ్ కదిలేది కొద్ది కోణంలోనే కనుక సూదుల్లాంటి రోలర్లు షాఫ్టు మీద ఒకే చోట ఒత్తుతూ గాట్లు పెడతాయి. నీరు చేరితే తుప్పు మిగిలిన పని పూర్తి చేస్తుంది. అందుకే బేరింగు, బుష్ మాత్రమే మార్చి పాత షాఫ్టునే తిరిగి వేయడం వృథా శ్రమ. షాఫ్టు మీద గోరు నడిపి చూడండి. గోరు ఎక్కడ తట్టుకున్నా దాన్ని పక్కన పెట్టేయండి.

ఆర్మ్‌ను బయటికి తీయడం ఇంటి దగ్గర చేయగల పనే, కోన్ కుదించే సాధనం అక్కరలేదు. షాక్ అబ్జార్బర్ కింది చివరను విడిపించి ఆర్మ్‌ను నెమ్మదిగా కిందికి దించితే ట్రంపెట్ చేతికి వచ్చేస్తుంది. మీది కుడివైపు కాబట్టి ఇంకో సౌకర్యం ఉంది. సెలూన్‌లో పెట్రోలు ట్యాంకు డిక్కీలో ఎడమవైపు ఉంటుంది. ఎడమ షాక్ అబ్జార్బర్‌ను పూర్తిగా తీయాలంటే ట్యాంకు పట్టీ వదులు చేసి ట్యాంకును జరపాలి. కుడివైపు ఆ బెడద లేదు. కష్టమంతా తుప్పుపట్టిన బ్రేకు పైపు కలుపు దగ్గరే. మొదలుపెట్టే ముందు రోజు నుంచే దానికి తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచండి. ఆ నట్టుకు మామూలు పానా వాడితే అంచులు గుండ్రమవుతాయి. పైపు నట్ల కోసం చీలికతో వచ్చే రింగు పానానే వాడండి. అయినా పైపు మెలిపడవచ్చు. కొత్త పైపు ముక్క సిద్ధంగా ఉంచుకుంటే పని మధ్యలో ఆగదు. హ్యాండ్‌బ్రేకు తీగ తిరిగే చిన్న సెక్టారు ఆర్మ్ మీదే ఉంటుంది. అది పట్టేసి ఉండడం చాలా మామూలు. తీగను విడిపించినప్పుడే దాన్ని కదిలేలా చేసి గ్రీజు పెట్టండి. అది పట్టేసి ఉంటే హ్యాండ్‌బ్రేకు తీగ దాని మీద రాసుకుని తెగుతుంది.

చివరగా షాఫ్టు నట్లు, బయటి బ్రాకెట్టు బోల్టులు విప్పితే ఆర్మ్ వస్తుంది. బ్రాకెట్టు వెనక షిమ్ములు ఏమైనా ఉంటే ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో రాసుకోండి, అవి ఆ చక్రం టో కోణాన్ని (పై నుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణాన్ని) నిర్ణయిస్తాయి.

అసలు హద్దు ఇక్కడ వస్తుంది. పాత బేరింగునూ బుష్‌నూ మీరే తీయగలరు, కొత్తవి కూడా నొక్కి కూర్చగలరు. కానీ కొత్త కంచు బుష్‌ను ఆర్మ్‌లో కూర్చాక లోపలి రంధ్రాన్ని షాఫ్టు కొలతకు రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు కోసే పనిముట్టుతో) సరిచేయాలి. కొలత 13/16 అంగుళాలు, అంటే సుమారు 20.6 మిల్లీమీటర్లు. ఆ కొలత ఒక్కటే చాలదు. బుష్ రంధ్రం అవతలి చివరనున్న బేరింగుతో ఒకే సరళరేఖలో ఉండాలి. దీనికోసం అవతలి చివర ఆనుకుని తిరిగే పొడవైన గైడు గల రీమర్ ఉంటుంది. చేతి రీమర్‌తో గైడు లేకుండా చేస్తే రంధ్రం కొలతకు వచ్చినా వాలు వస్తుంది, షాఫ్టు ఒక అంచు మీద మాత్రమే ఆని కొత్త బుష్ కూడా త్వరగా అరిగిపోతుంది. ఎమరీ కాగితంతో పెద్దది చేయడం గురించి ఆలోచించవద్దు, ఆ రవ్వలు మెత్తని కంచులో నాటుకుపోయి షాఫ్టును కోస్తూనే ఉంటాయి. కనుక ఆర్మ్, కొత్త బేరింగు, బుష్, షాఫ్టు నాలుగూ కలిపి సరైన రీమర్ ఉన్న మెషిన్ షాపుకు ఇవ్వండి. లేకపోతే, అప్పటికే బాగుచేసి ఉంచిన ఆర్మ్‌ను మీ పాత ఆర్మ్ ఇచ్చి మార్చుకోవడం మరో దారి. మినీ విడిభాగాల వ్యాపారులు చాలామంది ఈ పద్ధతి పాటిస్తారు. బేరింగుకూ బుష్‌కూ మధ్య ఆర్మ్ లోపల గ్రీజును చేరవేసే ఒక గొట్టం ఉంటుంది. అది లేకుండా కూర్చిన ఆర్మ్ వస్తే గ్రీజు మధ్యలోని ఖాళీలోనే ఉండిపోతుంది. ఆర్మ్ చేతికి రాగానే లోపలికి తొంగి చూసి ఆ గొట్టం ఉందని నిర్ధారించుకోండి.

ఆర్మ్ బయట ఉన్న సమయంలో వెనక సబ్‌ఫ్రేమ్‌ను తప్పక పరీక్షించండి. మినీలో అన్నిటికంటే ముందు తుప్పు పట్టేది అదే. ఆర్మ్ బ్రాకెట్టు కూర్చునే చోట రేకు పొరలుగా లేస్తుంటే కొత్త ఆర్మ్ పెట్టడం కంటే ముందు సబ్‌ఫ్రేమ్ సంగతి తేల్చాలి.


చిన్నచక్రం

ఇద్దరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. మీరు చెప్పినట్లే పరీక్షలు చేశాను. ముందు ఎడమవైపు నకుల్ జాయింటు తొడుగు పూర్తిగా చిరిగి, లోపల ఎర్రని తుప్పు పొడి కనబడుతోంది. టై రాడ్ ముందు బుష్ సగం ఊడిపోయింది, రాడ్ మాత్రం తిన్నగానే ఉంది. బాల్ జాయింట్లలో పైదానిలో కొద్దిగా ఆట ఉంది, కిందిది గట్టిగా ఉంది. వెనక కుడి ఆర్మ్ షాఫ్టు మీద ఊగుతోంది. సబ్‌ఫ్రేమ్ రేకు అన్ని చోట్లా గట్టిగా మోగుతోంది, అది నాకు పెద్ద ఊరట.

ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. ఒక వైపే అరిగినప్పుడు రెండు వైపులా మార్చాలా? రబ్బరు బుష్‌లకు బదులు పాలీయురెథేన్ బుష్‌లు వేయడం మంచిదా? బండి ముందు ఎడమ మూల కుడి మూల కంటే కొంచెం కిందికి ఉన్నట్లు ఇప్పుడు గమనించాను. ఇది కోన్ తప్పా, నకుల్ జాయింటు తప్పా?


సమాధానం: రబ్బరుకోను

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని జవాబును బట్టి మిగతావి మారతాయి.

మినీ కోన్ మామూలు స్ప్రింగు కాదు. 1959లో కారు వచ్చినప్పుడు దాని రూపకర్త అలెక్ ఇస్సిగోనిస్‌కు ఉన్న సమస్య ఏమిటంటే, దాదాపు 600 కిలోల కారులో నలుగురు ఎక్కితే బరువు ఎంతో ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మెత్తగా, నిండినప్పుడు గట్టిగా ఉండే స్ప్రింగు కావాలి, అదీ చాలా తక్కువ చోటులో. అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు కోన్ ఆ పని చేస్తుంది, ఎంత నొక్కుకుంటే అంత గట్టిపడుతుంది. దాని పొట్టితనమే ఇప్పుడు మీకు ఇబ్బంది. ఆర్మ్ ఒక తులాదండంలా పనిచేస్తుంది కాబట్టి కోన్ దగ్గర కొద్ది మిల్లీమీటర్లు తగ్గితే చక్రం దగ్గర దానికి కొన్ని రెట్లు తగ్గుతుంది. ప్లాస్టిక్ గిన్నె అరిగి గుండు లోతుకు దిగినా అదే ఫలితం. మీ ఎడమ గిన్నె పోయిందని తేలింది కనుక ముందుగా దాన్ని మార్చి, బండిని సమతలం మీద ముందుకూ వెనక్కూ కొంత దూరం దొర్లించి, చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు వరకు రెండు వైపులా కొలవండి. జాకీ మీద నుంచి దింపిన వెంటనే కొలిస్తే టైర్లు పక్కకు పట్టుకుని ఉంటాయి, కొలత తప్పు చూపుతుంది.

గిన్నె మార్చినా తేడా మిగిలితే కోన్ కూర్చుకుపోయిందని అర్థం. రబ్బరు దశాబ్దాల బరువుకు కుదించుకుపోయి గట్టిపడుతుంది. పొట్టిబడిన కోన్ మీద బండి ఎగిరెగిరి పడుతుంది. కోన్లను మాత్రం ఎప్పుడూ ఒక యాక్సిల్‌కు జతగా మార్చండి. కొత్త కోన్ కొంతకాలం నడిచాక కొంత కూర్చుంటుంది. ఒక వైపు పాతది, ఒక వైపు కొత్తది ఉంటే ఎత్తులు ఎన్నడూ కలవవు. ఎత్తు సర్దుకునే ట్రంపెట్లు దొరుకుతాయి గానీ పోయిన కోన్‌ను వాటితో పైకి లేపడం నాకు నచ్చదు. ఎత్తు వస్తుంది, కోల్పోయిన మెత్తదనం రాదు.

మిగతా భాగాల్లో నా పద్ధతి ఇది. టై రాడ్ బుష్‌లు, కింది ఆర్మ్ బుష్‌లు రెండు వైపులా మారుస్తాను, ఎందుకంటే ఒక వైపు బిగుతు మరో వైపు వదులుతనం ఉంటే లాగడం మళ్లీ మొదలవుతుంది. ఎలాగూ ట్రంపెట్ బయటికి వస్తుంది కాబట్టి నకుల్ జాయింటును, దాని తొడుగును కూడా రెండు వైపులా మార్చడం తెలివైన పని. బాల్ జాయింటు, వెనక ఆర్మ్ మాత్రం గట్టిగా ఉంటే రెండో వైపు కదిలించను. ఎడమ వెనక ఆర్మ్‌ను చక్రం ఊపి పరీక్షించండి. ఆట లేకపోతే గ్రీజు కొట్టి వదిలేయండి.

పాలీయురెథేన్ విషయంలో ఈ చర్చలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పవచ్చు. అది నూనెకు పాడవదు, ఎక్కువ కాలం మన్నుతుంది, బ్రేకు వేసినప్పుడు టై రాడ్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది. కానీ మినీలో కోన్ స్వతహాగానే గట్టిది. రోడ్డు కుదుపును సబ్‌ఫ్రేమ్‌కు చేరకుండా కొంతైనా ఆపేది ఈ రబ్బరు బుష్‌లే. కింది ఆర్మ్‌కూ టై రాడ్‌కూ రెండింటికీ గట్టి రకం వేస్తే గుంతల చప్పుడు నేరుగా సీటుకు చేరుతుంది. మామూలు రోడ్డు మీద నడిపే బండికి రబ్బరే నా సిఫారసు. తప్పనిసరిగా వేయాలనుకుంటే టై రాడ్‌కు మధ్యస్థమైన రకం వేసి, కింది ఆర్మ్‌కు రబ్బరు ఉంచండి.


సమాధానం: గ్రీజుగన్

రబ్బరుకోను గారితో ఒక్క చోట నాకు భేదం ఉంది. పై బాల్ జాయింటులో ఆట ఉన్నప్పుడు అదే హబ్‌లోని కిందిదాన్ని కూడా మార్చమని నేను సలహా ఇస్తాను. హబ్ చేతిలో ఉంటుంది, షిమ్ము కొలిచే పని ఎలాగూ చేస్తున్నారు. రెండింటి వయసూ ఒకటే. తర్వాత కిందిదానికోసం మళ్లీ ఇదంతా విప్పడం కంటే ఇప్పుడే చేయడం సులువు. అవతలి హబ్ గట్టిగా ఉంటే దాన్ని కదిలించవద్దన్న మాట మాత్రం సరైనదే.

పని క్రమం గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. వెనక ఆర్మ్‌ను మొదట విప్పి మెషిన్ షాపుకు పంపండి. అది తిరిగి వచ్చేలోపు ముందు భాగం పూర్తవుతుంది. వెనక భాగం స్టాండ్ల మీద ఉండగా ముందు భాగాన్ని కూడా లేపాల్సి వస్తే నాలుగు స్టాండ్లూ గట్టి నేల మీద, సబ్‌ఫ్రేమ్ బలమైన చోట్ల ఉన్నాయని, బండిని చేత్తో నెట్టి కదలడం లేదని చూసుకున్నాకే కిందికి దూరండి. రీబౌండ్ రబ్బరు స్థానంలో పెట్టే ముక్కను మాత్రం ముందు భాగాన్ని లేపకముందే పెట్టాలన్నది గుర్తుంచుకోండి. ఇక నకుల్ జాయింటు పనిలో కోన్ బలాన్ని సాధనం పట్టుకుంటుంది, అప్పుడు ఆ ముక్క అక్కరలేదు. అది ఉంటే ఆర్మ్ కిందికి దిగదు, ట్రంపెట్ రాదు.

బండి దింపేటప్పుడు ప్రతి మూలలోనూ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ట్రంపెట్ గుండు గిన్నె నుంచి పక్కకు తప్పుకోవచ్చు. అలాగే దింపితే బరువంతా గిన్నె అంచు మీద పడి కొత్త ప్లాస్టిక్ అక్కడికక్కడే పగులుతుంది. కాబట్టి చక్రం కింద జాకీ పెట్టి ఆర్మ్‌ను కొద్దికొద్దిగా లేపుతూ, గుండు గిన్నెలో కూర్చోవడం కంటితో చూసి, ఆ తర్వాతే స్టాండ్లు తీయండి.

గ్రీజు కొట్టేటప్పుడు కూడా బరువు లేకుండా ఉండాలి. బండి చక్రాల మీద నిలబడి ఉంటే గుండు గిన్నెకు అదుముకుని ఉండడంతో గ్రీజు లోపలికి వెళ్లే దారి మూసుకుంటుంది. లేపి, చక్రం వేలాడుతుండగా, పాత గ్రీజు అంచుల నుంచి బయటికి వచ్చేవరకు కొట్టండి. ముందు ప్రతి వైపూ పై బాల్ జాయింటు, కింది బాల్ జాయింటు, పై ఆర్మ్ లోపలి చివర. వెనక ప్రతి వైపూ ఆర్మ్ షాఫ్టు. దాదాపు ప్రతి 5000 కిలోమీటర్లకు ఒకసారి, బండి తక్కువ తిరిగినా ప్రతి ఏడూ తప్పక చేయండి.


సమాధానం: కంచుబుష్

అలైన్‌మెంట్ గురించి ఒక మాట జోడిస్తాను, ఎందుకంటే ఈ పనులన్నీ అయ్యాక చక్రాల కోణాలు తప్పకుండా మారి ఉంటాయి.

మినీలో ముందు చక్రాలకు టో-అవుట్ ఉండాలి, మొత్తం 1.6 మిల్లీమీటర్లు. వెనక చక్రాలు నడిపించే కార్లు నడపడం అలవాటైనవారికి ఇది విడ్డూరంగా ఉంటుంది. ముందు చక్రాలే బండిని లాగుతాయి కనుక లాగేటప్పుడు అవి ముందువైపు దగ్గరకు రావాలని చూస్తాయి, అందుకే నిలబడినప్పుడు కొద్దిగా తెరుచుకుని ఉండాలి. వెనక చక్రాలకు మాత్రం టో-ఇన్, మొత్తం 3.2 మిల్లీమీటర్లు.

బండికి రెండు వైపులా తాళ్లు బిగించి ఇంటి దగ్గర కొలిచేటప్పుడు వెనక చక్రాల మధ్య దూరం ముందు చక్రాల మధ్య దూరం కంటే తక్కువన్నది గుర్తుంచుకోండి. తాడును నాలుగు చక్రాలకూ ఆనించి లాగితే కొలత తప్పుతుంది. ముందు హబ్ మధ్య నుంచి తాడుకు ఉన్న దూరం కంటే వెనక హబ్ మధ్య నుంచి ఉన్న దూరం ఎక్కువ ఉండాలి, రెండు వైపులా ఆ తేడా సమానంగా ఉండాలి. అప్పుడే తాళ్లు బండికి సమాంతరమవుతాయి. ఆ తర్వాత ఒక్కో రిమ్ము ముందు అంచు, వెనక అంచు తాడుకు ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి. ముందు తేడాను ట్రాక్ రాడ్లతో (స్టీరింగ్ రాక్ నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీలతో) రెండు వైపులా సమానంగా సర్దాలి. ఒక వైపే తిప్పితే స్టీరింగ్ చక్రం మధ్యలో నిలవదు. వెనక తేడా ఉంటే బయటి బ్రాకెట్టు వెనక షిమ్ములతో సరిచేయాలి. మీరు పాత షిమ్ముల లెక్క రాసుకుని ఉంటే దాంతోనే మొదలుపెట్టండి.

ఈ కొలతతో బండిని టైర్లు పాడవకుండా అలైన్‌మెంట్ కేంద్రం వరకు నడపవచ్చు. అక్కడ ముందు క్యాంబర్, క్యాస్టర్ అంకెలు కూడా రాసి ఇమ్మని అడగండి. ప్రామాణిక మినీలో క్యాంబర్ సుమారు రెండు డిగ్రీల పాజిటివ్, క్యాస్టర్ సుమారు మూడు డిగ్రీలు ఉంటాయి, వాటిని సర్దే వీలు ఉండదు. కాబట్టి కొత్త బుష్‌లు వేశాక కూడా ఒక వైపు అంకె చాలా తేడాగా వస్తే వంగిన ఆర్మ్ కోసం గానీ, దెబ్బతిన్న సబ్‌ఫ్రేమ్ కోసం గానీ వెతకాలి.